ఇటుక పొడి ఎటు పోయింది?

గట్టు విరిగి నీళ్లలో పడే చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మరిచిపోలేరు. ముందు చిన్నచిన్న మట్టిపెళ్లలు రాలుతున్నట్టు చిటపటమంటుంది. తరవాత కాసేపు ఏమీ వినపడదు. ఇక అయిపోయిందనుకుని ఒత్తిగిలి పడుకునేలోపు బరువు బండి బోల్తా పడ్డట్టు ధబ్బుమంటుంది. చిన్నతనంలో వరదల రోజుల్లో ఈ చప్పుడు కోసం రాత్రిళ్లు చెవులు రిక్కించుకుని పడుకునేవాణ్ణి. విచిత్రం ఏమిటంటే, వరద ఉరవడి మీద ఉన్న రాత్రుల్లో అది పెద్దగా వినిపించేది కాదు. నీళ్లు తీసి, పెద్దవాళ్లంతా గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాకే మొదలయ్యేది.

అవతలి ఒడ్డు నుంచి పడవ మీద బడికి వచ్చే మిత్రుడొకడు నాకుండేవాడు. మా వైపు గట్టు గోడలా నిలువుగా ఉండేది. వాళ్ల వైపు నేల ఇసుక తిన్నెగా మారి వాలుగా నీళ్లలోకి దిగేది. ఏటేటా మా గట్టు కాస్త వెనక్కి జరిగేది, వాళ్ల తిన్నె కాస్త ముందుకొచ్చేది. నది అక్కడ వంపు తిరుగుతోందనీ, మేం వంపుకు బయటి వైపున, వాళ్లు లోపలి వైపున ఉన్నామనీ గమనించే తెలివి అప్పట్లో లేదు. నాకు తెలిసిందల్లా ఒక్కటే: నది మా నేలను కోసి తీసుకుపోయి వాడికి అప్పగిస్తోంది. వాడికీ అదే తెలుసు. కాకపోతే వాడికి అందులో గర్వం, నాకు కడుపుమంట.

“మీ గట్టంతా మా తిన్నెలోనే ఉందిరా, కావాలంటే వచ్చి చూసుకో” అనేవాడు. ఒకసారి నిజంగానే జేబు నిండా ఇసుక తెచ్చి నా దోసిట్లో పోసి, “ఇదిగో, ఈ ఏటికి నీ బాకీ చెల్లు” అన్నాడు. ఆ ఇసుక వాడి మొహాన కొట్టాను. అలా ఈ తగవు భూగోళం మాస్టారి దగ్గరికి చేరింది.

ఆయన ఇద్దర్నీ బెంచీ ఎక్కిస్తారనుకున్నాం. “ముందు కొలవండి, తరవాత కొట్టుకుందురుగాని” అన్నారు. ఆ సాయంత్రమే మా ఇద్దరినీ గట్టు మీదికి తీసుకెళ్లి, అంచు నుంచి లోపలికి అడుగుకొకటి చొప్పున పన్నెండు కర్ర మేకులు పాతించారు. రోజూ బడికి వచ్చే ముందు ఎన్ని మిగిలాయో చూసి, నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో పక్కనే రాయాలి. వరద పెరుగుతున్న ఐదు రోజుల్లో ఒక్క మేకూ పోలేదు. నీళ్లు తీసిన మూడు రోజుల్లో నాలుగు పోయాయి. ఆ నోటుపుస్తకం ఇప్పుడు లేదు కానీ, ఒకే పేజీలో నాలుగు కొట్టివేతలు ఎర్ర సిరాతో ఉండేవని బాగా గుర్తు.

రాత్రిళ్లు నేను వింటున్న చప్పుడుకు కారణం అప్పుడు తెలిసింది. వరద నిండుగా ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లే గట్టును ఎదురు నెట్టి నిలబెడతాయి. ఈలోగా గట్టు లోపలి మట్టి నీరు తాగి బరువెక్కుతుంది. అడుగున ప్రవాహం తొలిచే పని తొలుస్తూనే ఉంటుంది. వరద తీయగానే బయటి ఆసరా ఒక్కసారిగా పోతుంది, లోపలి నీరు మాత్రం అంత తొందరగా బయటికి రాదు. అప్పుడు పడుతుంది. గోడకు జారబడి నిద్రపోతున్నవాడి వెనక నుంచి గోడ తీసేస్తే ఏమవుతుందో అదే.

కొత్తగా విరిగిన గట్టు ముఖం మీద పొరలు కత్తితో కోసినట్టు కనిపించేవి. పై రెండు మూడు అడుగులు బిగుతైన బంకమన్ను, ఎండ తగిలితే నెర్రెలు విచ్చేది. దాని కింద పిండిలాంటి సన్నని ఇసుక. ఇంకా కింద ముతక ఇసుక, అక్కడక్కడా గులకరాళ్లు. బంకమన్ను పొర ముందుకు పొడుచుకొచ్చి, ఇంటి చూరులా వేలాడుతూ ఉండేది. దాని కింది ఇసుక ఎప్పుడో జారిపోయి ఉండేది. సన్నని మట్టి తొందరగా కొట్టుకుపోవాలి, ముతకది నిలబడాలి కదా అని అడిగాను. మాస్టారు సన్న ఇసుక కాస్త, బంకమట్టి ఉండ ఒకటి నా రెండు చేతుల్లో పెట్టి, “ఊదు” అన్నారు. ఇసుక ఎగిరిపోయింది, ఉండ కదల్లేదు. మట్టి రేణువులు సన్నవే అయినా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఇసుక రేణువుకు ఆ బంధుత్వం లేదు. స్వీడన్‌కు చెందిన భూగోళ శాస్త్రవేత్త యూల్‌స్ట్రోమ్ 1935లో దీన్నే ఒక గీతగా గీసి చూపించాడు: నీటికి అన్నిటికంటే సులువుగా లేచేది ఇసుక. దానికంటే పెద్దవైన గులకలను లేపాలన్నా, దానికంటే చిన్నదైన బంకమన్నును విడదీయాలన్నా ఎక్కువ వేగం కావాలి. అయితే ఒకసారి విడిపోయాక ఆ సన్న మట్టి అంత తేలిగ్గా కిందికి దిగదు. ఆ గీతను చాలా ఏళ్ల తరవాత ఒక పుస్తకంలో చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నా చేతిలో కదలకుండా కూర్చున్న ఆ ఉండే.

ఆ గట్టులోనే నాలుగు జానల లోతున ఒక నత్తగుల్ల దొరికింది. మిత్రుడే లాగాడు. అరచేతిలో పెట్టుకుని, ఇది మట్టిలోకి ఎలా దూరిందని ఇద్దరం తలలు బద్దలు కొట్టుకున్నాం. మాస్టారు ఏమీ చెప్పకుండా అవతలి తిన్నె వైపు చూపించారు. అక్కడ నీటి అంచున అలాంటివే గుల్లలు ఇసుకలో సగం కూరుకుని ఉన్నాయి. నేను మా నేల, మా గట్టు అని పోట్లాడుతున్నది కూడా ఒకప్పుడు నది వేసిన తిన్నేనన్నమాట. పాత మేటనే కోసుకుంటోంది నది. నాకు ఆ రోజు కొంచెం అవమానంగానే అనిపించింది. కడుపుమంట మాత్రం తగ్గలేదు. తిన్నె అయితే అయింది, ఇప్పుడు మాది కదా!

అసలు తీర్పు తొట్టి దగ్గర జరిగింది.

బడి వెనక వసారాలో పలకలతో చేసిన పొడుగాటి తొట్టి ఒకటి ఉండేది. లోపల తారు కాగితం పరిచి, తడి ఇసుక నింపి, ఒక చివర రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టారు. ఆ చివరన మేకుతో బెజ్జం పొడిచిన డబ్బా. ఇసుకలో మాస్టారు వేలితో తిన్నని గాడి గీశారు. మొదట్లో మాత్రం కాస్త పక్కకు వంచారు. సన్నని ధార వదిలి, మమ్మల్ని చేతులు కట్టుకుని నిలబడమన్నారు. కాసేపటికి నీరు మొదటి వంపులో ఎడమ గోడను కొట్టింది. అక్కడ తగిలి పక్కకు మళ్లి కొంత దూరం పోయాక కుడి గోడను కొట్టింది. మళ్లీ ఎడమకు. గంట తిరిగేసరికి తిన్నని గాడి పాములా మెలికలు తిరిగింది. తగిలిన ప్రతిచోటా నిలువు గట్టు, దానికి ఎదురుగా చిన్న తిన్నె. మా ఒడ్డూ వాడి ఒడ్డూ జానెడు కొలతలో మా ముందున్నాయి.

అప్పుడాయన ఒక చెంచాడు ఇటుక పొడి తెచ్చి, మూడో వంపు బయటి గోడలో, అంటే ఎడమ గట్టులో కూరి, పైన ఇసుకతో కప్పారు. “ఈ ఎర్రది ఎక్కడ తేలుతుందో చెప్పండి” అన్నారు. తరగతి మొత్తం ఎదురుగా ఉన్న కుడి తిన్నెను చూపించింది. నేనూ అటే చూపించాను, ఏడుపు మొహంతో. మిత్రుడైతే వేలు చూపించడమే కాదు, తిన్నె మీద పుల్ల ఒకటి గుచ్చి జెండా పాతినంత పని చేశాడు.

గట్టు కొంచెం కొంచెంగా విరిగింది. ఎర్ర పొడి నీళ్లలో చారలా సాగింది. ఎడమ గోడ పక్కనే జారుతూ వంపు దాటింది. గాడికి అడ్డం పడి ఎదురొడ్డుకు పోతుందని మేమంతా మెడలు చాచి చూస్తున్నాం. పోలేదు. అదే ఎడమ పక్కగా దిగి, తరవాతి వంపులో నిదానించింది. ఆ వంపుకు ఎడమ వైపు లోపలి వైపు కదా, అక్కడ నీళ్లు పలచబడి మెల్లగా పోతున్నాయి. ఎర్ర రేణువులు ఒక్కొక్కటే ఆగి, నెలవంకలా పరుచుకున్నాయి. కొంత పొడి చెదిరిపోయి ఇంకా దిగువకు పోయింది. పుల్ల గుచ్చిన తిన్నె మీద మాత్రం చిటికెడు ఎరుపు కూడా లేదు.

మిత్రుడు పుల్ల పీకేసి నా వంక చూశాడు. “అయితే మా తిన్నెలో ఇసుక ఎవరిది?” అన్నాడు. మాస్టారు ఎగువ వంపు చూపించారు. అక్కడ కుడి గట్టు విరుగుతోంది. వాడి ఇసుక వాడి వైపుదే, కాస్త పైనుంచి వచ్చింది. నా మట్టి నా వైపే, కాస్త కిందికి పోయింది. ఇన్నాళ్లూ వాడు చెల్లించిన బాకీ నాది కాదు.

ఇలాంటి ప్రయోగమే అమెరికాలో మిసిసిపీ ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్ పరిశోధనశాలలో పెద్ద తొట్లలో చేశారు. ఫ్రీడ్‌కిన్ అనే ఇంజినీరు 1945లో ఆ ఫలితాలు ప్రచురించాడు. విరిగిన గట్టు ఇసుకలో ఎక్కువ భాగం అదే వైపున దిగువ తిన్నెకు చేరుతుందని అందులో తేలింది. మా మాస్టారు అది చదివారో, తానే కనిపెట్టారో నాకు తెలియదు. అడగాలని తోచిన నాటికి ఆయన లేరు.

వంపు లోపలి వైపు ఇసుక ఎందుకు ఆగుతుందో చెప్పడానికి ఆయన గాజు గ్లాసులో నీళ్లు పోసి నాలుగు టీ ఆకులు వేసి గిర్రున తిప్పారు. తిరుగుతున్న ఆకులు అంచుకు పోవాలి. పోకుండా అడుగున మధ్యలో కుప్పగా చేరాయి. గ్లాసు అడుగును రాసుకుంటూ తిరిగే నీరు వేగం కోల్పోతుంది, పై నీరు మాత్రం జోరుగా అంచు వైపు తోసుకుపోతుంది. దాని చోటు భర్తీ చేయడానికి అడుగు నీరు మధ్యకు జరుగుతుంది, దారిలో ఆకులను ఊడ్చుకుపోతుంది. నది వంపులోనూ ఇదే సంగతి. పై నీరు బయటి గట్టును కొడుతుంది, అడుగు నీరు లోపలి ఒడ్డు వైపు ఇసుకను నెడుతుంది. ఈ టీ ఆకుల ముచ్చటతోనే ఐన్‌స్టీన్ 1926లో నదుల మెలికల మీద ఒక వ్యాసం రాశాడు. సాపేక్ష సిద్ధాంతం ఇప్పటికీ నాకు సగమే అర్థమవుతుంది కానీ, ఈ ఒక్క విషయంలో ఆయనతో సమానంగా మాట్లాడగలనని ధీమా.

మరో జ్ఞాపకం కిటికీలో పెట్టిన రెండు గాజు సీసాలది. వరద నీళ్లు తెచ్చి రెండింట్లోనూ నింపి బాగా కుదిపి కదలకుండా ఉంచాం. పది అంకెలు లెక్కపెట్టేలోపు ముతక ఇసుక అడుగుకు చేరింది. గంట కొట్టేసరికి దాని మీద బూడిద రంగు ఒండ్రు పలచగా పరుచుకుంది. పైన నీళ్లు మాత్రం టీ నీళ్లలా అలాగే ఉన్నాయి. మర్నాడూ అంతే. మూడో రోజు నాడు మాస్టారు ఒక సీసాలో మాత్రం చిటికెడు ఉప్పు వేశారు. కాసేపట్లో అందులో మట్టి పెరుగు విరిగినట్టు తునకలు తునకలుగా మారి దిగడం మొదలుపెట్టింది. సాయంత్రానికి ఆ సీసాలోంచి అవతలి కిటికీ ఊచలు కనిపించాయి. రెండోది అలాగే మసకగా ఉండిపోయింది. “నది సముద్రం దాకా మోసుకొచ్చిన మట్టిని ఎక్కడ దించుతుందో చూశారా?” అన్నారాయన. సన్నని రేణువుల్లో వ్యాసం పదో వంతైతే నిశ్చలమైన నీటిలో అది దిగే వేగం నూరో వంతవుతుంది. అందుకే గులకలు కొండల పాదాల దగ్గరే విసనకర్రలా పరుచుకుని ఆగిపోతే, ఇసుక మైదానం దాకా వస్తుంది. బంకమన్ను మాత్రం వరదలతో పొలాల మీదికెక్కితేనో, ఉప్పు నీటిని తాకితేనో తప్ప దిగదు. నది వేగం తగ్గడం, ఉప్పు తగలడం రెండూ ఒకేచోట జరుగుతాయి కాబట్టి నదీముఖంలో మట్టి పేరుకుని, నదే తన దారికి తాను అడ్డం వేసుకుని పాయలుగా చీలుతుంది. నైలు నది ముఖం గ్రీకు అక్షరంలా మూడు మూలలుగా ఉండడం వల్ల డెల్టా అనే పేరు వచ్చిందని మాకు అప్పుడే చెప్పారు.

మా పాఠ్యపుస్తకంలో క్రమక్షయానికి, అంటే కోతకు, ఒక పేజీ, నిక్షేపణకు, అంటే మేట వేయడానికి, మరో పేజీ. ఒకదాని కింద జలపాతం, లోయ, కుండ గుంతల బొమ్మలు. రెండోదాని కింద డెల్టా, వరద మైదానం. మధ్యలో మోసుకుపోవడం గురించి రెండు లైన్లు. ఇప్పటికీ పుస్తకాలు అలాగే ఉన్నాయి, నాకు అది నచ్చదు. ఎర్ర పొడి ప్రయాణమంతా ఆ రెండు లైన్లలోనే ఉంది కదా. నీటి వేగం రెండింతలైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లు అవుతుందని పాత లెక్క ఒకటి ఉంది. ఏడాదంతా నెమ్మదిగా పారి, నాలుగు వరద రోజుల్లో నది ఎందుకంత పని చేస్తుందో ఆ అంకె ఒక్కటే చెబుతుంది.

లోయల గురించి మాస్టారు అడిగిన ప్రశ్న ఒకటుంది: “నది లోయను వెతుక్కుంటూ వచ్చిందా, లోయను తానే చేసుకుందా?” సిద్ధంగా ఉన్న గుంటలోకి నీళ్లు చేరాయనే మేమంతా అన్నాం. పూర్వం చాలామంది పండితులు కూడా అలాగే అనుకున్నారు. స్కాట్లండ్‌కు చెందిన శాస్త్రవేత్త ప్లేఫేర్ 1802లో ఒక చిన్న సంగతి ఎత్తి చూపాడు. ఉపనదులు దాదాపు ఎప్పుడూ పెద్ద నదిని సమానమైన మట్టంలోనే కలుస్తాయి. ఎవరి లోయను వారు తవ్వుకోకపోతే ఇన్నిచోట్ల ఇంత చక్కగా ఎలా కుదురుతుంది? అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఆ లోతు కంటే ఈ వాదనే ఎక్కువ గుర్తొస్తుంది. ఆ లోతు కూడా తక్కువేమీ కాదు, 1.8 కిలోమీటర్లకు పైమాటే. కొలరాడో నది దాన్ని కోయడానికి 50, 60 లక్షల ఏళ్లు పట్టిందని అంచనా.

చాలా కాలానికి మొదటిసారి విమానం ఎక్కినప్పుడు కిటికీ పక్క సీటు దొరికింది. కింద పేరు తెలియని నది ఒకటి, దానికి అటూ ఇటూ మైదానం నిండా వంపు వంపుల చారలు, నెలవంకల్లాంటి చెరువులు. నది విడిచిపెట్టిన పాత దారులవి. మెలిక మరీ ముదిరి రెండు వంపుల మెడలు దగ్గరపడితే, ఒక వరదలో నది అడ్డదారి తొక్కి మెడ కోసేస్తుంది. పాత వంపు తెగిపోయి చెరువుగా మిగులుతుంది. విక్స్‌బర్గ్ పట్టణానికి అదే జరిగింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో 1862, 1863లలో ఉత్తరాది సైన్యం ఆ వంపు మెడకు అడ్డంగా కాలువ తవ్వి నదిని మళ్లించాలని చూసి ఓడిపోయింది. 1876లో నదే ఎవరి సాయమూ లేకుండా ఆ మెడ తెంపుకుని, పట్టణాన్ని ఒడ్డున పడేసి వెళ్లిపోయింది. మళ్లీ పట్టణం ముందుకు నీళ్లు తేవడానికి 1903లో యాజూ నదిని మళ్లించాల్సి వచ్చింది. పక్క సీటాయన నేను కిటికీకి ముక్కు ఆనించి నవ్వుకోవడం చూసి కాస్త జరిగి కూర్చున్నాడు.

నది మోసుకొచ్చే మట్టి, ఇసుకల మోత ఎక్కువైనా తక్కువైనా నది తీరు మారిపోతుంది. చైనాలో పసుపు నది తెచ్చే పూడిక దిగువన అడుగునే పేరుకుని, గట్ల మధ్య నది చుట్టుపక్కల మైదానం కంటే ఎత్తున పారుతుంది. 1855లో గట్టు తెంచుకుని ఏకంగా మరో సముద్ర తీరానికి మళ్లింది. నేపాల్ నుంచి బీహార్‌లోకి దిగే కోసీ నది సంగతీ అంతే. రెండు శతాబ్దాల్లో నూరు కిలోమీటర్లకు పైగా పడమరకు జరిగిన ఆ నది, 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర గండిపడి, వదిలేసిన పాత దారుల్లోకి తూర్పుగా దూకింది. ఇక నైలుది తిరగేసిన కథ. 1970లో అస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తయ్యాక ఒండ్రు వెనకాల జలాశయంలోనే ఆగిపోయింది. కొత్త మట్టి రాకపోవడంతో డెల్టా అంచును, ముఖ్యంగా రోసెట్టా దగ్గర, సముద్రం కోసుకుంటూ వచ్చింది. మోత దించేసుకుని తేటగా బయటపడిన నీటిని శాస్త్రవేత్తలు ఆకలిగొన్న నీరు అంటారు. తన అడుగునూ గట్లనూ తినడం మొదలుపెడుతుంది కాబట్టి ఆ పేరు. నాకు చాలా నచ్చిన మాట అది. మాస్టారు ఉంటే ఆయనకూ నచ్చేది.

పోయిన వరదల తరవాత మిత్రుడు ఫోను చేశాడు. పలకరింపులు కూడా లేకుండా, “మా తిన్నె తెగుతోందిరా” అన్నాడు. ఫొటో పంపాడు. ఒకప్పుడు వాలుగా నీళ్లలోకి దిగిన ఇసుక, ఎగువ కొసన నిలువుగా కోసేసి ఉంది. పొరలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, పైన బంకమన్ను చూరు, కింద ఇసుక. వంపులు ఉన్నచోట ఉండవు, మెల్లగా దిగువకు జరుగుతాయి. వాడి తిన్నె తల భాగం మీదికి ఎగువ వంపు వచ్చి చేరింది.

“సంతోషమేనా?” అన్నాడు.

కాస్త సంతోషంగానే ఉందని ఒప్పుకున్నాను.

“పోనీ, ఈసారి మా ఇసుక మీ ఒడ్డుకే వస్తుందిలే, దాచిపెట్టు” అన్నాడు. తొట్టి దగ్గర పుల్ల గుచ్చినవాడు ఇన్నేళ్లయినా మారలేదు.

“రాదురా. మీ వైపే, తిన్నె తోక దగ్గర చూసుకో” అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. ఆ తరవాత, “అయితే రేపు పొద్దున్నే మేకులు పాతుతాను. అడుగుకొకటి చాలా?” అన్నాడు.